ఏడో అంతస్తుకి రిలీవర్ ఎవరు?

జూన్ 3, సోమవారం. తెల్లవారుజామున జల్లు పడి ఆరింటికి తెరిపిచ్చింది. రెండో మోటారు బేరింగులకి గ్రీజు పెట్టాను.

నవల అచ్చువేసినవారి పాఠకుల విభాగానికి, మంచినీళ్ళ పంపుహౌస్ ఆపరేటరు నమస్కారాలు.

మీ నవల ‘మంచు చందమామ కింద’ నిన్న పూర్తిచేశాను. పుస్తకం నాది కాదు. స్విచ్చుబోర్డు చూడడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ స్టూలు మీద మరిచిపోయి వెళ్ళాడు. అతను వెతుక్కుంటూ వచ్చేలోగా అయిపోవాలని, రెండు గంటలకొకసారి రీడింగులు రాసుకునే మధ్యలో చదివాను. నా చదువు ఐదో తరగతి. ఆ తర్వాత చదివిందంతా మోటార్లతో పాటు వచ్చే కాగితాలే. నవల చదవడం ఇదే మొదలు. అందుకని అనుమానం వచ్చిన ప్రతిచోటా పేజీ నంబరు రాసిపెట్టుకున్నాను.

చివర్లో ‘మీ అభిప్రాయం చెప్పండి’ అని ఒక చీటీ అంటించారు. దానికి జవాబులు ఇవి. ఎన్నో అంతస్తు దాకా చేరారని అడిగారు. మాది నేలమట్టం గది. పైకప్పుకి నిచ్చెన ఉంది, వానల ముందు ఒకసారి ఎక్కుతాను. ఏ ఆయుధం నచ్చిందని అడిగారు. పద్నాలుగో నంబరు స్పానరు. ఎన్నిసార్లు చనిపోయారని అడిగారు. ఇంతవరకు లేదు. ఒకసారి షాకు కొట్టి అవతల పడ్డాను గానీ లేచాను.

ఇక అనుమానాలు. పేజీ 61లో కథానాయకుడు దళపతి నడవాలో చచ్చిపోయాడు. పేజీ 62లో అదే తలుపు తీసుకుని వచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. మా దగ్గర చచ్చిపోయినవాడు డ్యూటీకి వస్తే రిజిస్టరులో ఒక ముక్కైనా రాస్తాం. దళపతి కనిపించిన ప్రతి పెట్టెనూ పగలగొడతాడు. నూట నలభై మూడు లెక్క తేలాయి. అవి ఎవరి సామాన్లని ఒక్కసారీ అడగడు. పేజీ 109లో డెలివరీ వాల్వు మూయకుండానే మోటారు ఆపేశాడు. పైకెక్కిన నీళ్ళు వెనక్కి తన్నితే గొట్టం చీలిపోవాలి. చీలలేదు.

ఇవన్నీ పోనీండి. నన్ను పట్టుకున్నది వేరే. ఏడో అంతస్తులో ఒక పంపు మనిషి ఉన్నాడు. దళపతి ఆ గదికి ఐదుసార్లు వస్తాడు. ఎప్పుడు వచ్చినా ఆ మనిషి అక్కడే నిలబడి ఉంటాడు. ఎప్పుడూ ఒకటే మాట, ‘నీళ్ళు తగ్గుతున్నాయి, జాగ్రత్త’ అని. మొదటిసారికీ ఐదోసారికీ మధ్య, మీ నవల ప్రకారమే, నలభై రోజులు. అతని దగ్గర డ్యూటీ అందుకుని ఇంటికి పంపే రిలీవర్ ఎప్పుడు వస్తాడు? ఎవరు? రెండో భాగం వస్తుందని అట్ట మీద ఉంది. అందులో వస్తాడా? తెలియజేయగలరు.

ఇట్లు,
పంపుహౌస్ ఆపరేటరు

తా.క. పేజీ 88 మీద ఎలక్ట్రీషియన్ టీ ఒలికించాడు. అక్కడ ఇంకో రెండు పెట్టెలు పగిలి ఉండొచ్చు.

*

జూన్ 12

ప్రియమైన క్రీడాకారుడా!

మీ అభిప్రాయం అందింది. మీరు తెలిపిన లోపం: ‘ఏడో అంతస్తు పంపు మనిషి కదలకుండా నిలిచిపోయి ఒకే మాట చెబుతున్నాడు.’ దీనిని సాంకేతిక బృందానికి పంపాము. పరిష్కారం కోసం వారికి ఈ వివరాలు కావాలి. మీ యంత్రం ఏ సంవత్సరంలోది? శక్తి ఎంత? వేడెక్కుతోందా? శబ్దం చేస్తోందా? ఒకసారి పూర్తిగా ఆపి, మళ్ళీ మొదలుపెట్టి చూశారా?

మీ సహనానికి కృతజ్ఞతలతో,
పాఠకుల విభాగం

తా.క. (ఇది నేను, ఇక్కడ ఉత్తరాలు చూసే అమ్మాయిని, చేత్తో రాస్తున్నాను. పైదంతా అచ్చు.) స్పానరు అనే ఆయుధం ఏ అంతస్తులో దొరుకుతుందని సాంకేతిక బృందం అడుగుతోంది. వాళ్ళు పెట్టలేదట.

*

జూన్ 17, సోమవారం. ఉక్క. గాలి లేదు. మొదటి పంపు గ్లాండ్ దగ్గర నీళ్ళు కారుతుంటే లోపల చుట్టే ప్యాకింగు తాడు మార్చాను.

పాఠకుల విభాగంలో చేత్తో రాసిన అమ్మాయిగారికి నమస్కారం.

మీ జవాబు చూసి ఆశ్చర్యపోయాను. ఒక నవలలో పంపు తప్పు సరిచేయడానికి అసలు పంపు వివరాలు తెప్పించుకుంటారని నాకు తెలియదు. ఇలా చేస్తారు కాబట్టే పుస్తకాలు అంత ఆలస్యంగా వస్తాయి కాబోలు. ‘క్రీడాకారుడా’ అన్నారు. చిన్నప్పుడు కబడ్డీ ఆడేవాణ్ణి. ఆ సంగతి మీకెలా తెలిసిందో తెలియలేదు.

యంత్రం వచ్చి పంతొమ్మిదేళ్ళు. డెబ్బై ఐదు హార్స్‌పవర్. మధ్యాహ్నం రెండు తర్వాత వేడెక్కుతుంది, చెయ్యి పెట్టి ఇరవై అంకెలు లెక్కపెట్టగలిగితే పరవాలేదని గుర్తు. శబ్దం చేస్తుంది. చేయకపోతేనే భయం. పూర్తిగా ఆపి మళ్ళీ మొదలుపెట్టి చూడమన్నారు. క్షమించాలి, అది నా చేతిలో లేదు. ఎనిమిది వేల ఇళ్ళకి నీళ్ళు ఆగిపోతాయి. స్పానరు అంతస్తులో దొరకదు, ఇనుప సామాన్ల కొట్లో దొరుకుతుంది.

మీ ఉత్తరం నాకు తిన్నగా రాలేదు. పంపుహౌస్ చిరునామాకి వచ్చేవన్నీ ముందు పెద్దాఫీసుకి పోతాయి. అక్కడ చించి, చదివి, ముద్రవేసి, ఇన్‌వర్డ్ నంబరు ఇచ్చి, ఫైల్లో నకలు పెట్టుకుని, తర్వాత నాకు పంపుతారు. మీది 412. ఇది అందరి ఉత్తరాలకీ ఉన్న పద్ధతే, మీరు వేరేగా అనుకోవద్దు.

నా అసలు ప్రశ్నకి మాత్రం జవాబు రాలేదు. ఆ మనిషి రిలీవర్ సంగతి.

ఇట్లు,
పంపుహౌస్ ఆపరేటరు

తా.క. దళపతి పన్నెండు అంతస్తులు దిగాడు. ఒక్కచోటా మంచినీళ్ళు తాగలేదు. తాగితే పంపు విలువ తెలిసేది.

ఇంకో తా.క. అమ్మాయీ, నేను ఆయన భార్యను. ఆయన పంపు వదిలి కదలరు గనుక ఉత్తరాలు డబ్బాలో వేసేది నేనే. అంటించే ముందు ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను, ఆయనకి తెలియదు. పోయిన జులైలో రెండో షిఫ్టు ఆపరేటరుకి బదిలీ అయింది. ఆ చోట్లో ఇంకెవర్నీ వేయలేదు. పదకొండు నెలలుగా ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా ఈయనొక్కడే. పోయిన ఆగస్టులో మా అమ్మాయికి కూతురు పుట్టింది. ఈయన ఇంతవరకు చూడలేదు. ఆగస్టు తొమ్మిదికి పిల్లకి ఏడాది నిండుతుంది. ‘పెద్దాఫీసుని అడగండి’ అంటే ‘వాళ్ళకి తెలియదా, అడగడమెందుకు’ అంటారు. అడగడం నోటికి రాదు. పుస్తకంలో ఎవడో పంపు మనిషికి రిలీవర్ లేడని మాత్రం మూడు రోజులు అన్నం సరిగా తినలేదు.

*

జూన్ 26

ఆపరేటరుగారికి నమస్కారం.

ముందు క్షమాపణ. తప్పంతా మాది. మీరు క్రీడాకారులు కాదని ఇప్పుడు అర్థమైంది. సాంకేతిక బృందం మీ ఉత్తరాన్ని గోడకి అంటించుకుంది. డెబ్బై ఐదు హార్స్‌పవర్ యంత్రం మీద తమ గేమ్ నడుస్తోందంటే వాళ్ళు ఒక పూట పనిచేయలేకపోయారు.

సంగతి ఏమిటంటే, ఆ నవల ఒక వీడియో గేమ్‌ని బట్టి రాయించింది. తెర మీద బొమ్మలుంటాయి, ఆడేవాళ్ళు మీటలు నొక్కి దళపతిని నడిపిస్తారు. తప్పు నొక్కితే చచ్చిపోతాడు, మళ్ళీ అదే తలుపు దగ్గర మొదలవుతాడు. పెట్టెలు పగలగొడితే లోపల మందులు దొరుకుతాయి. నేనెప్పుడూ ఆడలేదు. ఈ బల్ల దగ్గర కూర్చుని అభిప్రాయాలు చదవడమే నా పని.

రెండు వందల పన్నెండు వచ్చాయి. అరవై నాలుగు మంది దళపతి హెల్మెట్ నీలం, నవలలో ఆకుపచ్చ అన్నారు, సిగ్గుండాలి అని రాశారు. ముప్ఫై ఒక్కమంది అసలు నీలం కూడా కాదు బూడిదరంగన్నారు. ఆ నీలంవాళ్ళకీ బూడిదవాళ్ళకీ మా చిరునామా మీదే తగువు నడుస్తోంది. ఒకావిడ, ‘మా వాడు జన్మలో మొదటిసారి ఒక పుస్తకం చివరిదాకా చదివాడు, ఎలా ఉందిరా అంటే చెత్త అన్నాడు, మీకు ఎంతో రుణపడి ఉన్నాం’ అని రాసింది. పుస్తకంలో ఇంకో మనిషి బాగోగులు అడిగింది మీరొక్కరే.

పంపు మనిషి సంగతి. గేమ్‌లో అతనికి ఆ ఒక్క వాక్యమే ఉందట. గేమ్‌లోని మాటలు మార్చకూడదని ఒప్పందం, అందుకని రచయిత అలాగే దించేశాడు. మీ ఉత్తరం అతనికి చూపించాను. రెండు రోజులు కనిపించలేదు. మూడో రోజు వచ్చి, ‘రిలీవర్ సంగతి నాకెందుకు తట్టలేదండీ?’ అని నన్నే అడిగాడు. ఏడో అంతస్తు పంపు మనిషికి ఇన్నాళ్ళు రిలీవర్ లేకపోవడం ఘోరమైన అన్యాయమని మా విభాగం మొత్తం ఒప్పుకుంటోంది. రెండో భాగం వేయాలా వద్దా అని జులై ఇరవైన మా పెద్దవాళ్ళు కూర్చుంటున్నారు. వేస్తే అందులో రిలీవర్ వస్తాడు, రచయిత మాటిచ్చాడు. డ్యూటీ చేతులు మారేటప్పుడు మీ దగ్గర ఏం చేస్తారో రాస్తే అతనికి సాయంగా ఉంటుంది.

గౌరవంతో,
పాఠకుల విభాగంలో చేత్తో రాసిన అమ్మాయి

తా.క. మీ ఉత్తరాల చివరి భాగం కూడా శ్రద్ధగా చదువుతున్నాను.

*

జులై 1, సోమవారం. ఈదురుగాలి, వాన లేదు. సంపు జాలీకి పట్టిన ఆకులు తీశాను.

అమ్మాయిగారికి నమస్కారం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చాలా కొత్త సంగతులు తెలిశాయి. కొన్ని తెలియలేదు, అడుగుతున్నాను. ఆడేవాళ్ళు యంత్రం ఆపేసి పడుకున్నప్పుడు ఏడో అంతస్తులో పంపు నడుస్తుందా? నడిస్తే ఆ మనిషి ఎవరితో మాట్లాడతాడు? వేల ఇళ్ళలో ఆడతారంటున్నారు కదా, అప్పుడు పంపు మనుషులు వేలమందా, అన్నిచోట్లా అతనొక్కడేనా? ఒక్కడే అయితే మరీ కష్టం. నీళ్ళు తగ్గుతున్నాయని అతను చెబుతూనే ఉన్నాడు. ఇంతమంది ఆడినవాళ్ళలో ఎవరైనా ఒకసారి సంపులోకి తొంగి చూశారా?

చివరి భాగం శ్రద్ధగా చదువుతున్నానన్నారు. చివర నా సంతకమే కదా. దానిలో చదవడానికి ఏముందో తెలియలేదు.

డ్యూటీ చేతులు మారడం ఇలా ఉంటుంది. వచ్చినవాడు వెంటనే ఏమీ ముట్టుకోడు. చెప్పులు విప్పి, కాసేపు ఊరికే నిలబడి శబ్దం వింటాడు. తర్వాత దిగిపోయేవాడు మోటారు మీద అరచెయ్యి పెడతాడు. అతను తీశాక అదే చోట వచ్చినవాడు పెడతాడు. ‘సరేనా’ అంటే ‘సరే’ అంటాడు. అప్పుడు దిగిపోయేవాడు, ఆ పూట ఏది బాగాలేదో అది చెబుతాడు. బాగున్నవి చెప్పం, టైం దండగ. చెప్పాక ఇక అది వచ్చినవాడి బాధ్యత. ఇంటికి వెళ్ళే దారిలో దాని గురించి ఆలోచించనక్కరలేదు. అదే రిలీవర్ అంటే. అతను లేకపోతే బాగాలేనిది ఎవరికీ చెప్పడానికి ఉండదు, అందుకని వచ్చిపోయేవాళ్ళకి చెబుతుంటాం. మీ పంపు మనిషి చేస్తున్నది అదేనని నా అనుమానం.

ఇంకొకటి. మీ జూన్ 26 ఉత్తరం పెద్దాఫీసులో పెద్ద గొడవ చేసింది. దానికి నంబరు 455. చదివిన గుమాస్తా ఫోన్ చేశాడు.

‘ఏమయ్యా, మీ పంపుహౌస్‌కి ఏడో అంతస్తు ఎప్పుడు లేచింది?’

‘మనది ఒక్క గదేనండీ.’

‘మరి ఏడో అంతస్తు పంపు మనిషికి రిలీవర్ లేడు, ఘోరమైన అన్యాయం అని బయటి సంస్థ రాస్తే మాకెందుకు చెప్పలేదు?’

‘అది నవల్లోనండీ.’

‘ఆ నవల ఇన్‌వర్డ్ అయిందా?’

‘లేదండీ.’

‘అయితే అది లేదు. ఉత్తరం ఉంది. ఉత్తరంలో అంతస్తు ఉంది. కట్టడానికి అనుమతి ఎవరిచ్చారో వారంలో రాసి పంపు.’

ఏం రాయాలో తెలియక, ‘ఎవరూ ఇవ్వలేదు’ అని రాసి పంపాను. నిజం అదే కదా.

ఇట్లు,
పంపుహౌస్ ఆపరేటరు

తా.క. హెల్మెట్ రంగు గురించి. పేజీ 17లో నూనె దీపం వెలుగులో చూశారు. ఆ వెలుగులో నీలం ఆకుపచ్చగా కనిపిస్తుంది. నా పాత చొక్కాతో పరీక్షించాను. తగువు ఆపమనండి.

ఇంకో తా.క. అమ్మాయీ, మళ్ళీ నేనే. ‘అనుమతి ఎవరూ ఇవ్వలేదు’ అని ఎవరైనా రాసిస్తారా? దొంగకట్టడం అని ఇప్పుడు అక్కడ అనుకుంటున్నారట. ఇంకో సంగతి. మా అమ్మాయి పిల్లకి తాతని గుర్తుపట్టడం నేర్పాలని ఫొటో చూపిస్తోంది. ఈయన ఒక్కడే ఉన్న ఫొటో లేదు, పంపు పక్కన నిలబడిందే ఉంది. పిల్ల పంపు మీద వేలు పెట్టి ‘తాత’ అంటోందట.

*

జులై 24

బాబాయిగారికి, కింద రాసే పిన్నిగారికి నమస్కారాలు.

ఇక దాచి లాభం లేదు. పిన్నిగారు మీ ఉత్తరాల కింద రాస్తున్నారు. మీరు కోపం తెచ్చుకోవద్దు. కోపం రావలసింది నా మీద. నేను చేసిన పని వినండి.

దొంగకట్టడం అనుకుంటున్నారని చదివాక ఊరుకోలేక మీ పెద్దాఫీసుకి నేనే రాశాను. బుద్ధి ఉపయోగించి, అనుమానానికి చోటు లేకుండా, ‘ఏడో అంతస్తు, అందులోని పంపు, పంపు మనిషి, అతనికి రిలీవర్ లేకపోవడం, అన్నీ కల్పితాలు’ అని స్పష్టంగా రాశాను. నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది: ‘మీ పంపుహౌస్ ఆపరేటరు కల్పితమని తెలియజేసినందుకు ధన్యవాదములు. ఇంతకాలం హాజరుపట్టీలో సంతకం చేస్తున్నది ఎవరో విచారించబడును, అంతవరకు హాజరు నిలిపివేయబడును.’

బాబాయిగారూ, మా మేనేజరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన చదివి, ‘ఆపరేటరు ఉన్నాడా లేడా?’ అని నన్నే అడిగాడు. ఉన్నాడండీ అన్నాను. ‘చూశావా?’ అన్నాడు. చూడలేదు. అప్పుడు ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది. క్షమించండి. వెంటనే ఇంకో ఉత్తరం పంపాను, ‘ఆపరేటరు నిజం, ఆయన మనవరాలు నిజం, ఆగస్టు తొమ్మిదికి ఆ పిల్లకి ఏడాది నిండడం నిజం, ఆయన ఇంకా చూడకపోవడం నిజం, మిగిలినవన్నీ కల్పితం’ అని. అది చదివి ఇంకేం అర్థం చేసుకుంటారో భయంగా ఉంది.

రెండో దుర్వార్త. ఇరవైన మా పెద్దవాళ్ళు కూర్చున్నారు. నేను మీ మూడు ఉత్తరాలు చదివాను, మీరు రాసిన డ్యూటీ మారే పద్ధతి చదివాను. అరచెయ్యి దగ్గర ఒకరిద్దరు బల్ల మీద తమ చెయ్యి పెట్టి చూసుకున్నారు. తర్వాత ఒకాయన, రుణపడ్డామన్న ఆవిడని కూడా తిట్లలోనే కలిపి, ‘రెండు వందల పన్నెండులో రెండు వందల పదకొండు తిట్లు’ అన్నాడు. రెండో భాగం వేయడం లేదు. ఏడో అంతస్తు మనిషికి ఇక ఎవరూ రారు. రచయిత తనే వచ్చి మీకు చెబుతానన్నాడు గానీ, ధైర్యం చాలక నాకు అప్పగించాడు.

తల వంచుకుని,
మీ అమ్మాయి

తా.క. నూనె దీపం సంగతి నీలంవాళ్ళకి రాశాను. ఇప్పుడు తగువు చొక్కా రంగు మీద నడుస్తోంది.

*

ఆగస్టు 5, సోమవారం. రెండు రోజుల ముసురు ఈ ఉదయం విడిచింది. పీడనం చూపే గేజీ అద్దం తుడిచాను.

అమ్మాయికి ఆశీస్సులు.

తల వంచుకోనక్కరలేదు. జరిగింది వరుసగా రాస్తాను.

మీ ఉత్తరాల మీద విచారణకి పోయిన మంగళవారం అసిస్టెంటు ఇంజినీరు జీపులో వచ్చారు. చేతిలో టేపు. ముందు గది కొలిచారు. తర్వాత నిచ్చెనెక్కి పైకప్పు చూశారు, ఆరు అంతస్తులు ఎటైనా దాక్కున్నాయేమోనన్నట్టు. దిగాక నన్ను ఎదురుగా నిలబెట్టి కాగితం తీశారు.

‘నువ్వు ఉన్నావా?’

‘ఉన్నానండీ.’

‘ఆధారం?’

రీడింగులు రాసే లాగ్‌బుక్కులు చూపించాను. రెండు గంటలకొకటి, పదమూడు నెలలు, అన్నీ ఒకటే చేతిరాత. ఆయన మొదటి నుంచి చివరిదాకా పేజీలు తిప్పారు. తర్వాత ‘మధ్యలో ఇంకో చేతిరాత ఏది?’ అన్నారు. లేదండీ అన్నాను. ‘ఎప్పటి నుంచి?’ చెప్పాను. ‘అడగలేదేం?’ అన్నారు. రీడింగు టైమైందని నేను గేజీ దగ్గరికి వెళ్ళాను. ఆయన మోటారు మీద చెయ్యి పెట్టి, చురుక్కుమంటే తీసేసి, వెళ్ళిపోయారు.

ఆయన రిపోర్టులో మూడు గళ్ళున్నాయట. అంతస్తు: లేదు. ఆపరేటరు: ఉన్నాడు. రిలీవర్: లేడు. ఫైలు మూయాలంటే ‘లేదు’ అని ఉన్నవాటికి ఏదో ఒకటి చేయాలి. అంతస్తు కట్టడం కంటే మనిషిని వేయడం తేలికని పెద్దాఫీసు తేల్చింది. గుమాస్తా ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆర్డరు శనివారం వచ్చింది, నంబరు 531. ‘ఏడో అంతస్తు పంపు ఆపరేటరుకు రిలీవరును నియమించడమైనది. ఆగస్టు 9కి ముందే చేరవలెను.’ ఆ తేదీ ఎందుకో ఆర్డరులో లేదు. అక్కడ కూడా ఎవరో మీ ఉత్తరాల చివరి భాగం శ్రద్ధగా చదివారన్నమాట.

మా ఆవిడ నాకు తెలియకుండా రాసినందుకు కోపం తెచ్చుకుందామనుకున్నాను. ‘తెచ్చుకోండి, ముందు సంచిలో చొక్కాలు పెట్టుకుని తెచ్చుకోండి’ అంది. ఇవాళ సాయంత్రం నాలుగున్నర బస్సుకి మనవరాలి దగ్గరికి వెళుతున్నాం.

రిలీవర్ ఈ ఉదయం వచ్చింది. అమ్మాయి. డిప్లొమా చదివింది. తలుపు దగ్గర ఆగి ఆర్డరు చూసుకుని, ‘ఏడో అంతస్తుకి లిఫ్టు ఎటండీ?’ అంది. లేదమ్మా, ఇదే అన్నాను. స్టూలు మీద ఎలక్ట్రీషియన్ పుస్తకం ఇంకా అక్కడే ఉంది. అది చూసి ‘అయ్యో, ఈ గేమ్ నేనాడానండీ!’ అంది. మీరు చెప్పిన ఆ గేమే. హెల్మెట్ రంగు అడగబోయి మానుకున్నాను. పంపు మనిషి గుర్తున్నాడా అని మాత్రం అడిగాను.

‘ఎందుకు గుర్తులేడండీ? అందరూ ఆ గదిలోంచి పరిగెత్తుకుంటూ పోతారు. నేనూ అంతే. ఒకసారి ఆడుతుండగా మా అమ్మ పిలిచింది. దళపతిని అతని పక్కనే నిలబెట్టి వదిలేసి వెళ్ళాను. పావుగంట పట్టింది. తిరిగి వచ్చేసరికి అతను నావైపు తిరిగి ఉన్నాడు.’

‘ఏమన్నాడు?’

‘‘నువ్వు నిలబడతావా? అయితే నేను ఇంటికి వెళ్ళొస్తాను’ అన్నాడండీ. అని తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. నాకేం అర్థంకాలేదు. గేమ్ చెడిపోయిందనుకుని ఆపేసి మళ్ళీ పెట్టాను.’

అమ్మాయీ, ఈ మాట రచయితకి చెప్పండి. మీ సాంకేతిక బృందంలో ఎవరో ఒకరు అది ముందే అమర్చి పెట్టారు. ఎవరో కనుక్కోండి, నాకు తెలుసుకోవాలని ఉంది. రెండు వందల పదకొండు మందిలో ఒక్కరూ అక్కడ పావుగంట ఆగలేదు. రెండో భాగం లేకపోయినా అతనికి ఇబ్బంది లేదు. రిలీవర్ రాలేదని నేను రాసింది తప్పు, ఆ తప్పు నా పేరు మీద వేసుకోండి. ఎవరు ఆగితే వాళ్ళే రిలీవర్.

మధ్యాహ్నం డ్యూటీ అప్పగించే వేళకి, నేను ఇది రాస్తుంటే ఆ అమ్మాయి చెప్పులు విప్పి, ఏమీ ముట్టుకోకుండా, శబ్దం వింటోంది. ఎవరూ చెప్పలేదు. మోటారు మీద చెయ్యి పెట్టి తీశాను, అదే చోట తను పెట్టింది. సరేనా అన్నాను. ‘ఇరవై లెక్కపెట్టానండీ, సరే’ అంది. బాగాలేనివి చెప్పడం మొదలుపెట్టాను. పదమూడు నెలలవి కదా, కొంచెం సేపు పట్టింది. తను అన్నీ రాసుకుంది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ‘బస్సు’ అని మూడోసారి అంది.

నాలుగయింది. అమ్మాయి గేజీ దగ్గరికి వెళ్ళింది. పీడనం ఎంతో తను చెబితే ఇక్కడ కూడా రాసుకుని—

ఇంకో తా.క. అమ్మాయీ, కలం లాక్కున్నాను, రీడింగు ఇక కొత్తమ్మాయే రాసుకుంటుంది, మేం బస్సుకి వెళుతున్నాం.